బ్రతుకుతెరువు అంటే తెరువే కదా!



'సెటిల్' అన్న ఆంగ్లపదం మన తెలుగిళ్ళలోకి ఎప్పుడు ప్రవేశించిందో నిఘంటుకారులు తేల్చవలసిన విషయం. అది ఒంటరిగా రాలేదన్నది మాత్రం నిశ్చయం. కదలని ఉద్యోగాన్నీ, సొంత ఫ్లాటునూ, ఆ ఫ్లాటుకు ఇరవయ్యేళ్ళ ఋణాన్నీ వెంటబెట్టుకొని సపరివారంగా విచ్చేసింది. పెండ్లిచూపులలో మొదటి ప్రశ్న అదే. పెండ్లయిన మూడేళ్ళకు బంధువులు అడిగే ప్రశ్నా అదే. "అబ్బాయి సెటిలయ్యాడా?" అంటారు. కుక్షింభరత్వానికి ఇంత గౌరవప్రదమైన పర్యాయపదం మరొక భాషలో ఉన్నట్లు నేనెరుగను.

మా కాలనీ పార్కులో సాయంత్రంపూట చేరే విశ్రాంత ఉద్యోగుల గోష్ఠిలో నేనూ ఒక సభ్యుణ్ణి. బ్యాంకులో చేసినవారు, విద్యుచ్ఛాఖలో చేసినవారు, నాబోటి బడిపంతుళ్ళు అక్కడ ఉంటారు. ఈ గోష్ఠిలో నిత్యమూ విచారణకు వచ్చే ముద్దాయిలు ఇరవై ఆరుకూ ముప్ఫై రెండుకూ నడుమ వయసున్న యువదంపతులు. వారిమీద అభియోగాలు మూడు. రెండేళ్ళకొకసారి ఉద్యోగం మారుస్తారన్నది మొదటిది. ఇంట్లో ఎవరి ఉద్యోగం ప్రధానమో తేల్చుకోరన్నది రెండవది. ఆదివారం వచ్చిందంటే వ్రతమో పేరంటమో చూసుకోక, వీపున సంచులు తగిలించుకొని కొండలూ గుట్టలూ పట్టి తిరుగుతారన్నది మూడవది. మూడింటికీ కలిపి గోష్ఠి ఇచ్చే తీర్పు ఒక్కటే: 'నిలకడ లేదు.'

ఈ తీర్పు మీద అప్పీలుకు వెళ్ళదలచాను. నా తరంవారికి కోపం వస్తే రానిండు.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు పండితుడికి అంతకంటె సహజమైన ఆరంభం లేదు. మనిషి పొట్టపోసుకొనే మార్గానికి మన పూర్వులు పెట్టిన పేరు 'బ్రతుకుతెరువు'. తెరువు అంటే దారి. తెరువరి అంటే బాటసారి. మనిషి గుణశీలాలకు పెట్టిన పేర్లు 'నడత', 'నడవడి'. రెండూ నడకనుంచి పుట్టినవే. నిలబడి ఉన్నవాడి గుణం నిలబడినంతసేపూ తెలియదు, నడిచినప్పుడే బయటపడుతుందన్న లోకజ్ఞత ఆ మాటలలో ఉంది. ఇక 'ఉద్యోగం' సంస్కృత పదం. ప్రయత్నమని, పూనిక అని దాని అర్థం. భారతంలో ఉద్యోగపర్వం ఉన్నది పాండవులు కొలువులకు దరఖాస్తులు పెట్టుకున్నందుకు కాదు కదా! జీతం తెచ్చే కొలువుకు మనం ఆ పేరు పెట్టుకున్నాం గనుక కొలువు విడిచినవాడు ఉద్యోగం విడిచాడంటున్నాం. మెరుగైన కొలువు కోసం పాత కొలువు విడిచేవాడు చేస్తున్నదే అసలైన ఉద్యోగమని శబ్దార్థం తెలిసినవారు ఒప్పుకోక తప్పదు.

మాటలతో వాదం గెలవరాదంటారా? మంచిది. లెక్కలలోకి వద్దాం.

మన తరం నిలకడకు మూలధనం ఏమిటి? వ్యక్తిగత గుణమా? గుణం ఉన్నవారు ఉన్నారు, కాదనను. కాని మనలను ఒకచోట నిలిపినది అంతకంటె స్థూలమైనది. ఉద్యోగం పోదన్న భరోసా, పదవీ విరమణ తరువాత చివరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుందన్న భరోసా, మన తదనంతరం ఇల్లాలికి కుటుంబ పింఛను ఉందన్న భరోసా. ఈ మూడు స్తంభాల మీద నిలిచిన మండపంలో కూర్చుని మనం 'నిలకడ' అన్నాం. మండపం కేంద్ర ప్రభుత్వంలో 2004 జనవరి 1 తరువాత చేరినవారికీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికీ పాతరూపంలో లేదు. సర్కారువారి బిడ్డలకే ఆ నీడ పోయింది. ఇక ప్రైవేటువారి గతి ఏమిటి?

భవిష్యనిధితో ముడిపడిన ఉద్యోగుల పింఛను పథకం 1995నాటిది. దాని లెక్క బడిపిల్లవాడు కూడా వేయగలడు: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి, 70తో భాగించాలి. 2014 సెప్టెంబరులో పెట్టిన పరిమితి ప్రకారం లెక్కలోకి తీసుకొనే జీతం 15,000 రూపాయలు. ముప్ఫై అయిదేళ్ళు ఒకే కుర్చీలో కదలక మెదలక కూర్చున్న ఉత్తమ నిలకడదారుకు ఆ లెక్కన వచ్చేది నెలకు 7,500 రూపాయలు. లక్షల జీతం తీసుకొన్నవాడైనా ఆ పరిమితిలో ఉంటే అంతే. అదే సంవత్సరం నిర్ణయించిన కనీస పింఛను 1,000 రూపాయలు. మా గోష్ఠిలో ఒక పెద్దమనిషి నెలకొక్కసారి మందుల దుకాణానికి కట్టే బిల్లు అంతకు రెండింతలు. కదలకుండా ఉన్నందుకు కాలం ఇచ్చే బహుమానం ఇదైనప్పుడు, ఎవరి మేలు కోరి కుర్రవాళ్ళను కదలవద్దంటున్నాం?

పైగా ఆ ప్రభుత్వమే 2014లో భవిష్యనిధి చందాదారులందరికీ ఒక సార్వత్రిక సంఖ్య ఇచ్చింది. ఎన్ని సంస్థలు మారినా ఆ సంఖ్య మారదు. మనుషులు ఉద్యోగాలు మారతారని ప్రభుత్వం గ్రహించి పదేళ్ళు దాటింది; పార్కు బెంచీకే ఆ వార్త ఇంకా అందలేదు.

"అయినా మంచి కంపెనీ చూసుకొని అక్కడే ఉండవచ్చు గదా" అంటారు పెద్దలు. 'మంచి కంపెనీ' అంటే ఏది? 2009 జనవరి 7వ తేదీ ఉదయం వరకు 'సత్యం' అన్నది తెలుగువారికి మంచి కంపెనీలలోకెల్ల మంచి కంపెనీ. అందులో పనిచేసే వరునికి కట్నం ధర వేరుగా ఉండేది. ఆనాడు అధిపతి వ్రాసిన ఒక్క లేఖతో, లెక్కలలో చూపిన సొమ్ము పెట్టెలలో లేదని లోకానికి తెలిసింది. సుమారు యాభైవేలమంది 'సెటిలైనవారు' ఒక్క పూటలో సందేహంలో పడ్డారు. సంస్థ చేతులు మారి బ్రతికింది, అది వేరే కథ. 2025 జూలైలో దేశంలోకెల్ల పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే పన్నెండువేలమందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. సంస్థ మనిషిని వదిలించుకుంటే దానిని 'పునర్వ్యవస్థీకరణ' అంటారు. మనిషి సంస్థను వదిలితే 'నిలకడలేమి' అంటారు. ఒకే క్రియకు కర్త మారినంతమాత్రాన అర్థం మారే వ్యాకరణం ఏ పాణిని వ్రాశాడో నాకు తెలియదు.

అన్నట్లు, మనం మారలేదా? మన ఉపాధ్యాయ మిత్రులు గుండెమీద చేయి వేసుకొని చెప్పాలి. ఒక బడిలో ఎనిమిదేళ్ళు నిండితే తప్పనిసరి బదిలీ అన్న నియమం మన బదిలీలలో ఎంతోకాలంగా ఉన్నదే. ఎనిమిదేళ్ళు నిండకముందే పట్టణానికి దగ్గరగా, ఇంటద్దె భత్యం ఎక్కువ వచ్చే చోటికి వెళ్ళడానికి పాయింట్లు లెక్కవేసుకోనివారెందరు? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే 'స్పౌజు' కింద అదనపు పాయింట్లు. ఆలుమగలు ఒకచోట ఉండాలని ప్రభుత్వమే గుర్తించి పెట్టిన వసతి అది, మంచి వసతి. కౌన్సెలింగు రోజున మనం చేసిన పరుగులు గుర్తున్నవి కదా? మనది బదిలీ, వారిది మార్పు. మనకు మారవలసి వచ్చినప్పుడు ప్రభుత్వమే రెండవ కుర్చీ వేసి పిలిచింది. వారికి ఆ కుర్చీ ఎవరూ వేయరు, వారే వెదుక్కోవాలి. వెదుక్కొనే శ్రమ అదనంగా పడుతున్నవారిని చూసి, శ్రమ పడనివారు నవ్వడం న్యాయమేనా?

మన సాహిత్య చరిత్రలో కొలువులు మారినవారి జాబితా తీస్తే సగం పాఠ్యపుస్తకం ఖాళీ అవుతుంది. శ్రీనాథుడు కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి ఆస్థానాన విద్యాధికారి. ఆ రాజ్యం కూలిన తరువాత రాజమహేంద్రవరపు రెడ్లను చేరి, వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. నడుమ విజయనగరానికి వెళ్ళి డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకొన్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆయన జీవితచరిత్ర మూడు పుటల రెజ్యూమే. విశ్వనాథ సత్యనారాయణగారు బందరులో, గుంటూరులో, విజయవాడలో కళాశాలలలో పనిచేసి, 1959లో కరీంనగరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్ళారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. వారిని నిలకడలేనివారన్న విమర్శకుణ్ణి నేను చూడలేదు. కవికి ఇచ్చిన సౌకర్యం కోడ్ వ్రాసేవాడికి ఎందుకివ్వరు?

ఇక రెండవ అభియోగం, నన్ను ఈ టపా వ్రాయడానికి పురికొల్పినది. 'ఎవరి ఉద్యోగం ప్రధానమో తేల్చుకోరు' అన్నది.

మా పై వాటాలో ఒక జంట అద్దెకు ఉన్నారు. పేర్లు అనవసరం. ఇద్దరిదీ కంప్యూటరు పనే. అమ్మాయిది అమెరికావారి పగటికి అనుగుణమైన ఉద్యోగం. ఇక్కడ రాత్రి ఏడింటికి మొదలై తెల్లవారుజాము నాలుగింటికి ముగిసేది. అబ్బాయి ఉదయం ఎనిమిదిన్నరకు ఇల్లు విడిచి, రాత్రి ఎనిమిదికి చేరేవాడు. ఒకరు నిద్రలేచేసరికి మరొకరు నిద్రలో. ఉప్పు అయిపోయిందన్న సంగతి కూడా ఫోనులో వ్రాసుకొనేవారు. ఒకే కప్పు కింద ఇద్దరు ఒంటరివాళ్ళు ఏడాదిన్నర కాపురం చేశారు. చివరకు ఆమె జీతం తగ్గినా సరే అని పగటి ఉద్యోగం చూసుకొంది. ఆ చిన్న సంస్థ నగరానికి ఆ చివర ఉండడంవల్ల అతడు వారానికి మూడు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలున్న వేరొక కొలువుకు మారాడు. వంట అతడిది, బజారు పనులు ఆమెవి. రాత్రి ఎనిమిదిన్నరకు పై వాటాలో రెండు కంచాల చప్పుడు ఒక్కసారే వినిపించడం మొదలై ఇప్పటికి ఏడాది.

రెండువైపుల పెద్దలూ రెండు నెలలు వారితో సరిగా మాట్లాడలేదు. 'పెద్ద జీతం కాలదన్నింది' అని అమ్మాయి తండ్రి. 'పెళ్ళాం కోసం ఉద్యోగం మార్చాడు' అని అబ్బాయి మేనత్త. భర్త బదిలీకోసం భార్య ఉద్యోగం మానేస్తే మనవారు దానిని త్యాగమని, సంసారపక్షమని మెచ్చుకున్నారు. మా బడిలోనే చూశాను, చక్కగా పాఠం చెప్పే ఇద్దరు ఉపాధ్యాయినులు అలా ఉద్యోగాలు మానుకొన్నారు. ఒక్కరూ అయ్యో అనలేదు. ఇప్పుడు భార్య వేళలకు అనుగుణంగా భర్త కొలువు మార్చుకుంటే, అదే పని 'కొంగుపట్టుకు తిరగడం' అవుతోంది. కాబట్టి మనకు అభ్యంతరం ఉద్యోగం మారడం మీద కాదు. ఎవరికోసం ఎవరు మారుతున్నారన్నదాని మీద. పెద్దలు ఆ మాట సూటిగా అనలేక 'నిలకడ' అన్న మర్యాదైన ముసుగు వేస్తున్నారు. ముసుగు తీసి మాట్లాడుకుందాం.

'దంపతి' శబ్దాన్ని అమరసింహుడు జంపతి, జాయాపతి, భార్యాపతి శబ్దాల సరసన చేర్చాడు. వేదభాషలో 'దమ' మంటే ఇల్లు. ఇంటికి పతులు ఇద్దరు, అందుకే ఆ శబ్దం సంస్కృతంలో ద్వివచనం. ఒక్కరిని ప్రధానం చేసి రెండవవారిని ఉపసర్గగా మార్చడం మన వాడుకలో వచ్చిన వికారమే గాని శబ్దంలో లేదు. పెండ్లిలో మనం జరిపించే సప్తపది అడుగులు వేయడమే గదా! ఏడడుగులు కలిసి నడిస్తే పుట్టే స్నేహానికి సంస్కృతంలో 'సాప్తపదీన' మని పేరు. అగ్నిసాక్షిగా నడిపించినవాళ్ళమే, ఎనిమిదవ అడుగు నుంచి 'నడవకండి, కూర్చోండి' అంటున్నాం.

ఇద్దరూ ఇంట్లో కలిసి కూర్చొనే వేళ కూడా లేకుండా చేయాలన్న పెద్దలు వేరే ఉన్నారు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు 2023 అక్టోబరులో యువకులు వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో మరొక పెద్ద సంస్థ అధిపతి దానిని తొంభైకి పెంచి, ఆదివారాలు ఇంట్లో కూర్చొని ఎంతసేపని భార్య ముఖం చూస్తారన్న అర్థం వచ్చే మాట అన్నారు. 1948నాటి ఫ్యాక్టరీల చట్టం యంత్రంవద్ద పనిచేసే కార్మికునికి సైతం వారానికి 48 గంటలు మించరాదన్నది. 2025 జూలైలో వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటల పనిని అనుమతించిన తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వు కూడా వారానికి 48 గంటల గీత దాటలేదు. చట్టం గీసిన గీతకు రెట్టింపు దూరం పరుగెత్తమనేవారిని దేశభక్తులంటూ, ఆ పరుగు మానుకొని జీతం తగ్గించుకొన్న అమ్మాయిని తెలివితక్కువది అంటున్నాం. భార్య ముఖం, భర్త ముఖం చూడడానికే ఆ పై వాటావాళ్ళు ఉద్యోగాలు మారారు. ఇంతకంటె సంసారపక్షమైన కారణం ఏ పెద్దమనిషైనా చూపగలడా?

మూడవ అభియోగం కొండలు. ఈ జంట నెలకు ఒకటి రెండు ఆదివారాలు ఇల్లు విడుస్తారు. వికారాబాదు దగ్గరి అనంతగిరి, భువనగిరి ఏకశిల, ఒకమారు నల్లమల అంచులు. "ఎండలో కొండెక్కితే ఏం వస్తుంది?" అన్నది గోష్ఠి ప్రశ్న.

అయ్యా, ఆషాఢ పూర్ణిమ ముందు సింహాచలం కొండచుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు రాత్రంతా నడిచే లక్షలమంది జనాన్ని ఏం వస్తుందని అడిగామా? అలిపిరినుంచి మూడువేల అయిదువందలకు పైగా మెట్లెక్కేవారిని అడిగామా? ఉగాదికి కన్నడదేశంనుంచి నల్లమల అడవిదారిన నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి నడిచివచ్చేవారిని అడిగామా? పుణ్యం వస్తుందంటారు. వస్తుంది, కాదనను. కాని ఆ దారులు వేసిన పూర్వులు దేవుణ్ణి ఊరి నడిబొడ్డున కూర్చోబెట్టలేక అక్కడ పెట్టారా? అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కినవారికి తెలుస్తుంది. దేవుడు సాకుగా మనిషిని అడవిలోకి, ఎత్తుకు, ఆయాసంలోకి, నిశ్శబ్దంలోకి పంపిన ఉపాయశాలులు వారు. సాకు లేకుండానే వెళ్తున్న పిల్లలను చూసి వారు సంతోషించేవారే గాని నొసలు చిట్లించరు.

ఏనుగుల వీరాస్వామయ్యగారి మాట ఎత్తకుండా తెలుగు పండితుడు యాత్రల మాట ముగించలేడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా మంచి కొలువులో ఉంటూ, 1830 మే నెలలో బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పదిహేను నెలలకు పైగా బయటనే! త్రోవలో మజిలీలు, నీళ్ళు, ధరలు, మనుషులు ఏవీ విడువక వ్రాసుకొన్నారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర ఆనాటి దేశస్థితికి అద్దం. ఆయన 'సెటిలై' ఉండి ఉంటే మనకు ఆ గ్రంథం లేదు.

భువనగిరి రాయి సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు ఎక్కుతున్నారని మనం విసుక్కొనే ఆ రాతిమీదనే శిక్షణ మొదలుపెట్టి, నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయసు పద్నాలుగు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమెతోపాటు ఖమ్మం ప్రాంతపు ఆనందకుమార్ అదే బాటలో ఎక్కాడు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలను 'కదలకుండా కూర్చోండి' అని బెదిరించిన బడులు ఆనాడు ఆ ఇద్దరినీ చూసి ఏమనుకొన్నాయో!

పూర్వపక్షాన్ని దాటవేయను. "పంతులుగారూ, ఇదంతా డబ్బున్నవారి ముచ్చట; మన వాచ్‌మన్‌కు ఉద్యోగం మారే స్వేచ్ఛ ఉందా, ఆదివారం ఉందా?" అని ఒక మిత్రుడు అడిగారు. బలమైన ప్రశ్న. అయితే ఆ ప్రశ్న ఎటు చూపుతుందో గమనించండి. వాచ్‌మన్‌కు ఆదివారం లేదు గనుక ఇంజినీరుకూ ఉండరాదన్నది ఒక దారి. ఇంజినీరుకు ఉంది గనుక వాచ్‌మన్‌కూ ఉండితీరాలన్నది మరొక దారి. 1890లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వాన పోరాడి ఆదివారం సెలవు సాధించినది రెండవ దారిన. ఎవరో ఒకరు సెలవును సెలవుగా అనుభవించి, అది ఉండదగినదని చూపితేనే మిగిలినవారు దానిని అడగగలుగుతారు. అడిగినవారు ముందు మన అపార్టుమెంటు సంఘంలో వాచ్‌మన్‌కు వారానికొక రోజు సెలవు తీర్మానం పెట్టండి, నేను బలపరుస్తాను.

మారేవారికి నష్టం లేదనీ అనను. 1972నాటి గ్రాట్యుటీ చట్టం అయిదేళ్ళ అవిచ్ఛిన్న సేవను షరతుగా పెట్టింది. నాలుగేళ్ళకే వెళ్ళినవారు దానిని వదులుకొన్నారు. 2025 నవంబరు 21నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీతకాల ఒప్పందంమీద చేరినవారికి ఆ గడువును ఏడాదికి తగ్గించింది గాని, మిగిలినవారికి అయిదేళ్ళ నియమం మిగిలే ఉంది. మారిన ప్రతిసారీ భవిష్యనిధి సొమ్ము తీసి ఖర్చుపెట్టుకొనే కుర్రవాళ్ళు తమ ముసలితనపు బియ్యం ఇప్పుడే వండుకుంటున్నారు. ఆ పని చేయకండని వారికి గట్టిగానే చెబుతాను. జలపాతం దగ్గర నీళ్ళసీసాలూ చిప్స్ పొట్లాలూ వదిలి, పాటల డబ్బా మోగించి వచ్చేవారిమీదా నాకు గౌరవం లేదు. అది విహారం కాదు, అడవిలో చేసిన అల్లరి. ఆరువేల రూపాయల బూట్లు కొన్నంతమాత్రాన నడక రాదు.

కాని లెక్క చూస్తే, కొండలను పాడుచేసినవారు బయట తిరిగేవారికంటె 'సెటిలైనవారే' ఎక్కువ. హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలంటారు భూగర్భశాస్త్రజ్ఞులు. మన కాలనీలకోసం, మన ఫ్లాట్ల పునాదులకోసం అవి పేలిపోతుంటే మనం ప్లాటు నంబరు వెదుక్కుంటున్నాం. రాళ్ళను కాపాడాలని సంఘం పెట్టుకొని, ఆదివారాలు వాటి మధ్య నడిచినవారు వేరే ఉన్నారు. 2025లో కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాలలో చెట్లు కొట్టుతుంటే, విశ్వవిద్యాలయ విద్యార్థులూ ప్రకృతిప్రేమికులూ గొంతెత్తారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. అక్కడ నెమళ్ళను కళ్ళతో చూసినవాడికే అవి ఉన్నాయని తెలుసు, పోతాయని బాధ తెలుసు. ఇల్లు కదలనివాడికి అది వార్తాపత్రికలో ఒక సర్వే నంబరు.

కాబట్టి పెద్దలారా, నా మనవి ఇది. మన పిల్లలను 'సెటిలయ్యారా' అని అడగడం మానుదాం. ఆ ప్రశ్న వేసేవాడికి కావలసింది వారి సుఖం కాదు, బంధువులలో తాను చెప్పుకోవడానికి ఒక చిరునామా. ఇరవయ్యేళ్ళ నెలసరి వాయిదా నెత్తిన పెట్టించి, ఇక కదలలేరులే అని మనం నిశ్చింతగా పడుకోవడానికి వారి యౌవనాన్ని తాకట్టు పెట్టించవద్దు. వాయిదా ఉన్నవాడు అన్యాయమైన యజమానికి ఎదురు చెప్పలేడు. రాత్రి పని వద్దనలేడు. భార్య బ్రతుకు బాగుపడడానికి తాను ఒక మెట్టు దిగుతాననలేడు. స్వేచ్ఛను అమ్ముకొన్న నిలకడ గుంజకు కట్టిన గొడ్డుకూ ఉంటుంది.

అడగదలిస్తే వేరే ప్రశ్నలున్నాయి. రాత్రి ఇద్దరూ కలిసి తింటున్నారా? ఒకరి కష్టం ఒకరికి చెప్పుకొనే వేళ దొరుకుతోందా? ముసలితనానికి కొంత దాచుకుంటున్నారా? పోయిన ఆదివారం ఏ కొండ ఎక్కారు, ఏ చెట్టు చూశారు, దానిని తెలుగులో ఏమంటారో తెలుసుకొన్నారా? ఈ నాలుగింటికీ సమాధానం దొరికితే వారి నిలకడకు మరే ధ్రువపత్రమూ అక్కరలేదు. సంస్థ పేరు ఏడాదికొకసారి మారితే మారనీయండి.

ఈ వాదంతో విభేదించేవారు, ముఖ్యంగా నా వయసువారు, మొగమాటపడక వ్రాయండి. తర్కంతో రండి, 'మా కాలంలో' అన్న ఒక్క ముక్క తప్ప ఏ ప్రమాణాన్నైనా గౌరవిస్తాను. యువమిత్రులు వ్రాస్తే మరీ సంతోషం. కాకపోతే ఆదివారం వ్రాయవద్దు. ఆ పూట మీకు బయట పని ఉంటుంది.

స్వస్తి.